‘లోబడియుండుడి’ అంటే ఎంతవరకు?

సందేహం: మా బావగారు పోయి మూడేళ్లయింది. అక్కకు ఇప్పుడొక సంబంధం వచ్చింది. ఆయనా విశ్వాసే, కాకపోతే వేరే సంఘం. అక్కకు ఇష్టమే గానీ మా పాస్టర్ గారు వద్దన్నారు, తన మాట కాదని చేసుకుంటే ప్రభువు బల్లకు, అంటే సంఘంలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి, రానివ్వనన్నారు. హెబ్రీయులకు 13:17లో ‘వారికి లోబడియుండుడి’ అని ఉందనీ, కీర్తనల్లో ‘నేనభిషేకించినవారిని ముట్టకూడదు’ అని ఉందనీ చూపించారు. తెలుగులో లోబడడం అంటే చెప్పినదానికల్లా తలూపడమేనా? ముట్టకూడదు అంటే అడగకూడదనా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: రెండూ కాదమ్మా. ఎందుకు కాదో మాటల దగ్గర్నుంచే చూద్దాం.

లోబడు అన్నది ‘లోన్’, ‘పడు’ కలిసి ఏర్పడ్డ క్రియ. పాత పుస్తకాల్లో అరసున్నతో ‘లోఁబడు’ అని కనిపిస్తుంది. ఒకదాని లోపలికి రావడం అని అర్థం, లోపల అన్నామంటే దానికో గీత ఉన్నట్టే. ఇప్పటికీ ‘చట్టానికి లోబడి’, ‘షరతులకు లోబడి’ అంటాం కదా, ఆ హద్దుల్లో అనే. లొంగడం వేరు. దొంగ పోలీసులకు లొంగిపోయాడు అంటాం గానీ లోబడ్డాడు అనం. అయితే ఒక్క క్రియను పట్టుకుని అంతా తేల్చేయకూడదు, ఎందుకంటే రోమా 13:1లో రాజ్యమేలేవాళ్ల విషయంలోనూ ‘లోబడియుండవలెను’ అనే రాశారు, ఎఫెసీ 5:21లో విశ్వాసులందరికీ ‘ఒకనికొకడు లోబడియుండుడి’ అనీ రాశారు. ఒకరికొకరు లోబడండి అన్నచోట చెప్పేవాడొకడు, తలూపేవాడొకడు అన్న అర్థం ఎలా కుదురుతుంది? కాబట్టి ఎవరికి, ఏ విషయంలో, ఎందుకు అని చుట్టూ ఉన్న వాక్యాలు చూడాల్సిందే.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే పాత అనువాదంలో ఆ వచనం మొత్తం ఇలా ఉంటుంది: ‘మీపైని నాయకులుగా ఉన్నవారు లెక్క ఒప్పచెప్పవలసినవారివలె మీ ఆత్మలను కాయుచున్నారు, వారు దుఃఖముతో ఆ పని చేసినయెడల మీకు నిష్‌ప్రయోజనము గనుక దుఃఖముతో కాక, ఆనందముతో చేయునట్లు వారి మాట విని, వారికి లోబడియుండుడి.’ చూశారా, వాక్యం మొదలైందే నాయకుల బాధ్యతతో. లెక్క చెప్పాల్సింది వాళ్లు, అదీ దేవుడికి. ఆ కారణమంతా ముందు చెప్పి, చివర్లో మీ వంతు చెప్పారు. ఈ ముందు భాగం వదిలేసి చివరి రెండు మాటలే చదివి వినిపిస్తే అది ఆ వచనం కానే కాదు, అందులోంచి తుంచిన ముక్క.

‘మాట విని’ అన్నచోట గ్రీకు మూలంలో ఉన్నది ‘పైథో’ అనే క్రియ. అక్కడున్న రూపంలో దానికి మాట వినడం అనే అర్థమే వస్తుంది, అందులో సందేహం లేదు. కానీ ఆ క్రియ అసలు అర్థం ఒప్పించడం, నచ్చజెప్పడం. దాని కింది వచనంలోనే ‘మంచి మనస్సాక్షి కలిగియున్నామని నమ్ముకొనుచున్నాము’ అని వస్తుంది, ఆ నమ్ముకోవడం కూడా ఇదే క్రియ. అంటే ఇది విషయం మనసుకు పట్టి వినడం. పిల్లలు తల్లిదండ్రులకు, దాసులు యజమానులకు ‘విధేయులైయుండుడి’ అని ఎఫెసీ 6లో చెప్పినప్పుడు వాడిన గ్రీకు మాట వేరు, మన అనువాదకులు తెలుగులోనూ ఆ తేడా నిలబెట్టారు. అదే 13వ అధ్యాయంలో కాస్త పైన, 7వ వచనంలో, నాయకుల ‘ప్రవర్తన ఫలమును శ్రద్ధగా తలంచుకొనుచు’ వారి విశ్వాసాన్ని అనుసరించమన్నారు. ప్రవర్తన చూడమంటే, ఆలోచించి అనుసరించమనే కదా.

‘కాయుచున్నారు’ అనే మాట దగ్గర కూడా ఆగాలి. కాపరి అన్న మాటలో ఉన్నది ఈ కాయడమే. పొలం కావలి కాసేవాడు రాత్రంతా మేలుకుంటాడు, పశువులు పడకుండా చూస్తాడు, కానీ పంట తనదని అనడు. పేతురు తన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో సంఘపెద్దలకు చెప్పింది ఇదే. ‘దేవుని మందను’ కాయండి అన్నాడు, మీ మందను అనలేదు. ఎలా కాయాలో కూడా చెప్పాడు, ‘బలిమిచేత కాక’, ‘మీకు అప్పగింపబడినవారిపైన ప్రభువులైనట్టుండక మందకు మాదిరులుగా’ అని. ఇవి సంఘస్థులకు రాసిన మాటలు కావు, పెద్దలకు రాసినవి. మందిరంలో హెబ్రీయులకు 13:17 ఎన్నిసార్లు వినిపిస్తుందో ఈ మాటలూ అన్నిసార్లు వినిపించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇక ‘నేనభిషేకించినవారిని ముట్టకూడదు’. ఇది 105వ కీర్తనలోది. దానికి ముందున్న నాలుగైదు వచనాలు చదవండి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు కొద్దిమందిగా దేశం నుంచి దేశానికి తిరుగుతుంటే వాళ్లకు హాని చేయవద్దని దేవుడు రాజులను గద్దించిన సందర్భం అది. హెచ్చరిక బలవంతులకు, కాపుదల బలహీనులకు. ఒక విధవరాలి నోరు మూయించడానికి ఆ వచనం వాడితే అర్థం తలకిందులవుతుంది. ముట్టడం అంటే ఇక్కడ హాని చేయడం, పక్కనే ‘కీడుచేయకూడదు’ అని ఉంది కూడా. దావీదు అభిషేకం పొందిన రాజే, అయినా ఊరియా భార్యను తీసుకున్న విషయంలో నాతాను ప్రవక్త ఎదురుగా నిలబడి ‘ఆ మనుష్యుడవు నీవే’ అన్నాడు. దావీదు ఆ ప్రవక్త మీద చెయ్యెత్తలేదు, పాపం ఒప్పుకున్నాడు. పైగా కొత్త నిబంధనకు వచ్చేసరికి 1 యోహాను 2:20లో ‘మీరు పరిశుద్ధునివలన అభిషేకము పొందినవారు’ అన్నది విశ్వాసులందరినీ ఉద్దేశించి. ఆ లెక్కన మీ అక్కా అభిషేకం పొందిన మనిషే.

అడగవచ్చా అంటే, బెరయ అనే ఊరివాళ్లు అపొస్తలుడైన పౌలు చెప్పినదాన్నే ‘ఆలాగున్నవో లేవో’ అని రోజూ లేఖనాలు తిప్పి చూసుకున్నారు, అందుకు వాళ్లను ఘనులు అని మెచ్చుకున్నారు (అపొస్తలుల కార్యములు 17:11).

మీ అక్క పెళ్లి సంగతికి సూటిగా తగిలే వచనం మరొకటుంది. అది ఎవరూ మీకు చూపించకపోవడం నాకు బాధగా ఉంది. 1 కొరింథీయులకు 7:39లో భర్త చనిపోయిన స్త్రీ ‘ఆమెకిష్టమైనవానిని పెండ్లిచేసికొనుటకు స్వతంత్రురాలై యుండును గాని ప్రభువునందు మాత్రమే పెండ్లిచేసికొనవలెను’ అని ఉంది. పెట్టిన షరతు ఒక్కటే, ప్రభువునందు, అంటే చేసుకునేవాడు విశ్వాసి అయి ఉండాలి. ఆయన విశ్వాసి అని మీరే రాశారు. ఆ తర్వాతి వచనంలో పౌలు ఆమె అలాగే ఉండిపోతే మరింత ధన్యురాలు అంటాడు, అంటే ఆయన మొగ్గు పెళ్లి వద్దనే వైపే. కానీ ఏమన్నాడో చూడండి, ‘నా అభిప్రాయము’ అన్నాడు. అదే అధ్యాయం 25లో కన్యకల సంగతి చెబుతూ ‘ప్రభువుయొక్క ఆజ్ఞ నేను పొందలేదు’ అని ముందే చెప్పుకున్నాడు, 35లో ‘మీకు ఉరియొడ్డవలెనని కాదు’, అంటే మిమ్మల్ని ఉచ్చులో బిగించాలని కాదు అన్నాడు. అంతటి అపొస్తలుడే ప్రభువు ఆజ్ఞ ఇది, నా సలహా ఇది అని విడదీసి చెప్పి, నిర్ణయం ఆమెకే వదిలాడు. మీ పాస్టర్ గారు సలహా చెప్పవచ్చు, చెప్పాలి కూడా, ఆ కుటుంబం గురించి ఆయనకేదైనా తెలిసి ఉండవచ్చు, అది శ్రద్ధగా వినండి. కానీ సలహాను ఆజ్ఞగా మార్చే అధికారం పౌలే తీసుకోలేదు.

బల్లకు రానివ్వకపోవడం చిన్న విషయం కాదు. మత్తయి 18:15 నుంచి ఒక వరస ఉంది: తప్పు చేసినవాడితో ముందు ఒంటరిగా మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి తెలియజెప్పాలి. అక్కడ మొదట ఉండాల్సింది పాపం, చివర్లో తేల్చేది సంఘం. ఒక్క మనిషి ఇష్టాయిష్టాల మాట అందులో ఎక్కడా లేదు.

కాబట్టి మీరూ అక్కా, సంఘంలో మీరు గౌరవించే పెద్దలు ఇద్దరిని తీసుకుని ఆయన దగ్గరకు వెళ్లండి. 1 కొరింథీయులకు 7వ అధ్యాయం తెరిచి, ‘అయ్యగారూ, ఈ పెళ్లిలో పాపం ఏమిటో వాక్యంలో చూపించండి’ అని అడగండి. చూపిస్తే ఆలోచించండి. చూపించలేకపోతే, ఆయన మీకు చెప్పింది తన అభిప్రాయం.