గీత పైకి లేచిందా, లోపలికి దిగిందా?

ప్రశ్న (వరంగల్): రెండు రూపాయల నాణెం మీద అంచు నుంచి సింహాల బొమ్మ దాకా సన్నటి గీత ఉంది. డై పగులు అని నేను, ఉత్త గీరు అని నాణేల దుకాణం ఆయన. ఎలా తేలుతుంది?

జవాబు: గది లైటు ఆపేసి, టేబుల్ ల్యాంపును నాణేనికి పక్కగా, బాగా కిందికి వంచి పెట్టండి. నగల పనివాళ్లు వాడే పది రెట్ల లెన్సుతో గీతను చూడండి. దీపం వైపు అంచు మెరిసి అవతల నీడ పడితే గీత ఉబ్బెత్తుగా ఉన్నట్టు. దీపానికి అవతలి గోడ మెరిస్తే అది పల్లం. ఒక్కోసారి కన్ను మోసపోతుంది కాబట్టి నాణేన్ని పావు వంతు తిప్పి మళ్లీ చూడాలి.

డై అంటే నాణేల మీద ముద్ర కొట్టే ఉక్కు అచ్చు. వేల, లక్షల దెబ్బలకు అది అలిసి పగులుతుంది. తర్వాతి దెబ్బకు నాణెం లోహం ఆ పగుల్లోకి దూరుతుంది. అందుకే అచ్చులో పడిన పగులు నాణెం మీద ఎత్తుగా కనిపిస్తుంది. నాణేనికే తగిలిన దెబ్బ పల్లంగా ఉంటుంది, దాని ఒడ్డున తోసుకొచ్చిన లోహం గరుకుగా పేరుకుని ఉంటుంది. పగులు వంకరటింకరగా, ఒకచోట సన్నగా ఒకచోట లావుగా, బొమ్మ, అక్షరాలు లేని చదునైన నేల మీదుగా సాగుతుంది. గీరు ముందు ఎత్తైన అక్షరాల నెత్తిన తగులుతుంది, మధ్యలో ఉన్న పల్లాన్ని చాలాసార్లు వదిలేస్తుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. కొట్టేటప్పుడు డైకీ, ఇంకా ముద్ర పడని లోహపు బిళ్లకీ మధ్య దారప్పోగో లోహపు తునకో చిక్కుకుంటే గుంట పడుతుంది. పల్లమైనా అది టంకశాల తప్పే. దాని ఒడ్డులు నున్నగా ఉంటాయి, పేరుకున్న లోహం ఉండదు.

పగులు ముదిరి అంచు దగ్గర డై ముక్కే ఊడిపోతే, అక్కడ బొమ్మ లేని ఉబ్బెత్తు దిమ్మ మిగులుతుంది. అలాంటిది దొరికితే నాణేన్ని తిప్పి సరిగ్గా దాని వెనక చూడండి. లోహం దిమ్మలోకి పోవడంతో అక్కడ ముద్ర చాలావరకు పలచబడి ఉంటుంది. సేకర్తలు డబ్బు పెట్టేది ఇలాంటి దిమ్మలకు. వెంట్రుకంత పగుళ్లు సరదాగా దాచుకోవడానికి బాగుంటాయి, అంతే.

ప్రశ్న (డాలస్, అమెరికా): ఇక్కడి క్వార్టర్‌ను పుస్తకం పేజీలా తిప్పితే వెనక బొమ్మ తలకిందులుగా వస్తోంది. ఇండియా నుంచి తెచ్చిన ఐదు రూపాయలు అలా రాలేదు. ఏది తప్పు?

జవాబు: రెండూ సరైనవే. అమెరికా నాణేల్లో బొమ్మ, బొరుసు ఒకదానికొకటి తలకిందులుగానే ఉంటాయి. మన నాణేల్లో రెండూ ఒకే దిక్కుకు నిలబడతాయి. కాబట్టి మన నాణేన్ని పేజీలా తిప్పినప్పుడు బొరుసు పక్కకు ఒరిగితేనో, తలకిందులైతేనో అది డై తిరిగిపోయిన నాణెం. ప్రెస్సులో డైని సరిగా బిగించకపోయినా, బిగించింది సడలినా ఇలా జరుగుతుంది. కోణం కొలవడానికి గడియారం చాలు: బొరుసు తల మూడు గంటల వైపు ఉంటే 90 డిగ్రీలు, ఆరు వైపు ఉంటే 180. పది, పదిహేను డిగ్రీల ఒరుగు మామూలే, దానికి ఎవరూ ఎక్కువ ఇవ్వరు.

ప్రశ్న (గుంటూరు): పది రూపాయల నాణెంలో మధ్య బిళ్ల తిరగబడి ఉంది, చుట్టూ రింగు మామూలుగానే ఉంది. పెద్ద ధర చెబుతున్నారు. కొనొచ్చా?

జవాబు: కొనకండి. టంకశాలలో రింగునూ బిళ్లనూ ముద్ర లేకుండానే ఒకదాంట్లో ఒకటి పెట్టి, రెండింటినీ ఒకే దెబ్బతో ముద్రిస్తారు. ఆ దెబ్బకే బిళ్ల విస్తరించి రింగును కరుచుకుంటుంది. బిళ్ల మీద ఒక ముఖం, రింగు మీద ఇంకో ముఖం పడే అవకాశమే లేదు. ముద్ర పడ్డాక ఎవరో బిళ్లను తోసి, తిప్పి, మళ్లీ దిగ్గొట్టి ఉంటారు. అతుకు చుట్టూ సన్నటి సందు, రింగు లోపలి గోడ మీద నిలువు గీతలు, బిళ్ల మీద నొక్కుడు మచ్చ కనిపిస్తాయి.

అసలైన తప్పులో బిళ్ల పక్కకు జరిగి రింగు మీదికి ఎక్కి ఉంటుంది. అక్కడ చూడాల్సింది ఒక్కటే: బొమ్మ డైని బట్టి పడుతుంది కానీ లోహాన్ని బట్టి కాదు. బిళ్ల ఎంత జరిగినా అక్షరాలు, అంకెలు వాటి చోట్లోనే, లోహాల హద్దును దాటుకుంటూ తెగకుండా సాగాలి. బిళ్లతో పాటు బొమ్మ కూడా జరిగిందంటే అది టంకశాల బయట ఎవరో చేసిన పని. 2019కి ముందరి పది రూపాయల నాణెం 7.71 గ్రాములు, అందులో రింగు 4.45, బిళ్ల 3.26. మిల్లీగ్రాముల తక్కెడ దగ్గరుంటే తూచి చూసుకోండి.

ప్రశ్న (కరీంనగర్): ఐదు రూపాయల నాణెం మీద సంవత్సరంలో చివరి అంకె లేదు. ఇంకో నాణెం మీద అంకెలు జంటగా ఉన్నాయి.

జవాబు: డై గుంటలో నూనె, లోహపు పొడి కలిసి గట్టిపడితే లోహం అందులోకి పోలేదు, ఆ అంకె మాయమవుతుంది. అప్పుడు ఆ చోటు చుట్టుపక్కల నేలలాగే నున్నగా ఉంటుంది. ఆకురాయితో అరగదీస్తే ఒకే దిక్కుకు సన్నటి గీతలు ఉంటాయి, చోటు కాస్త లోతుగా మెరుస్తుంది. 2011లో మొదలైన ఐదు రూపాయలు 6 గ్రాములు, 23 మిల్లీమీటర్లు. నాణెం మొత్తం పలచబడి, అంచు కూడా సన్నబడి, బరువు బాగా తగ్గితే దాన్ని ఆమ్లంలో నానబెట్టారు.

జంట అంకెలంటే తొందరపడకండి. ఎక్కువ శాతం దెబ్బ పడ్డాక డై కొద్దిగా కదలడం వల్ల వచ్చేవే. వాటిలో రెండో అంకె చదునైన మెట్టులా, అసలు అంకెను కోసుకుంటూ ఉంటుంది. డైలోనే రెండుసార్లు చెక్కుడు పడితే రెండు అంకెలూ గుండ్రంగా ఎత్తుగా ఉంటాయి, కొసల్లో చీలిక కనిపిస్తుంది, అంకె మామూలు కంటే లావుగా ఉంటుంది. ఆ డై కొట్టిన నాణేలన్నింటి మీదా అదే జంట ఉండాలి.

ప్రశ్న (విజయనగరం): పది రూపాయల మీద కొన్నింటికి 10 గీతలు, కొన్నింటికి 15. ఏది తప్పు ముద్ర? వైష్ణోదేవి నాణేనికి లక్షలిస్తామని ఫోను కూడా వచ్చింది.

జవాబు: రెండూ అసలైనవే, డిజైను మారింది. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు 14 డిజైన్లూ చెల్లుతాయని చెప్పింది. ఇక వైష్ణోదేవి బొమ్మతో 2012లో ముద్రించినవి మామూలు చలామణి నాణేలే. ఫోను చేసినవాళ్లు లక్షలు ఇచ్చే ముందు కమీషన్, పన్ను పేరుతో మీ దగ్గర డబ్బు అడుగుతారు. ఈ మోసం గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది కూడా. డబ్బు పంపకండి, ఓటీపీ చెప్పకండి.