కట్టెలు చీల్చడానికి ఫ్లైవీల్ యంత్రం మంచిదా, హైడ్రాలిక్ యంత్రమా?

ముందు మీ దుంగలు ఎలాంటివో చూడండి. ఫ్లైవీల్ యంత్రంలో బరువైన ఇనుప చక్రాలు తిరుగుతూ శక్తిని కూడగట్టుకుంటాయి. మీట లాగగానే పళ్ల కడ్డీ గేరుకు తగులుకుని, దుంగను ఉక్కు మొన మీదికి ఒక్కసారిగా తోస్తుంది. కడ్డీ పోయి రావడానికి 3 సెకన్లు చాలు. నూనె ఒత్తిడితో దుంగను తోసే హైడ్రాలిక్ యంత్రానికి తరచూ 10 సెకన్లు దాటుతుంది. నార నిటారుగా ఉన్న కట్టెకు నేను ఫ్లైవీల్ యంత్రాన్నే ఎంచుకుంటాను. ముడులున్న, మెలితిరిగిన దుంగ మాత్రం సగంలో ఇరుక్కుంటుంది. అప్పుడు మీటను పదేపదే లాగకండి, గేరు పళ్లు దెబ్బతింటాయి. దుంగను తీసి, అంచుల నుంచి కొంచెం కొంచెంగా చీల్చండి. అలాంటివే ఎక్కువైతే నిదానమైనా హైడ్రాలిక్ కొనండి.

దుంగ పెట్టేవారే మీట లాగాలి. ఇద్దరు పంచుకుంటే వేళ్లు నలిగే ప్రమాదం ఎక్కువ. ఇంజిన్ ఆపాక కూడా చక్రాలు కాసేపు తిరుగుతాయి, అవి ఆగేవరకు చేయి పెట్టవద్దు.