గోడలో బిగించకముందే చూడవలసిన ముద్ర

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలోని మా పాత ఇంటికి వైరింగ్ అంతా మార్పిస్తున్నాం. ఎలక్ట్రీషియన్ తెచ్చిన సాకెట్ల డబ్బాపై ఐ.ఎస్.ఓ. 9001 అనీ, సి.ఇ. అనీ అచ్చు వేసి ఉంది. ఐ.ఎస్.ఐ. గుర్తు మాత్రం వాటి పక్కన బిగించే స్విచ్చుల మీదే కనిపిస్తోంది. ఇవి వాడవచ్చా? గుర్తు ఉన్నా అది అసలైనదేనని మేము తెలుసుకునేదెలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆ సాకెట్లను బిగించనివ్వకండి. ఐ.ఎస్.ఓ. 9001 అనేది సంస్థ తన పనిని నడుపుకొనే పద్ధతికి ఇచ్చే ధ్రువపత్రమే తప్ప, అక్కడ తయారైన సాకెట్‌ను ఎవరో పరీక్షించి చూశారని చెప్పేది కాదు. సి.ఇ. గుర్తు ఐరోపా మార్కెట్‌కు సంబంధించినది కనుక అది కూడా మీకు ఇక్కడ పూచీ కాదు. మన దేశంలో ఇళ్లలో వాడే ప్లగ్గులకూ సాకెట్లకూ భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బి.ఐ.ఎస్., నిర్ణయించిన ప్రమాణం ఐ.ఎస్. 1293, స్విచ్చులకు ఐ.ఎస్. 3854. రెండూ ఒకే బోర్డు మీద పక్కపక్కనే ఉన్నా, ఒకదాని ముద్ర రెండోదానికి చెల్లదు. కొనేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడేనని నా అభిప్రాయం.

సాకెట్‌ను వెనక్కి తిప్పి చూడండి. ఐ.ఎస్.ఐ. గుర్తుకు పైన ఐ.ఎస్. 1293 అనీ, కింద సి.ఎం./ఎల్. అనే అక్షరాల తరువాత లైసెన్సు సంఖ్యా ఉండాలి. ఆ రెండూ లేని ఒట్టి గుర్తును నమ్మవద్దు. ఫోనులో బి.ఐ.ఎస్. కేర్ యాప్ తెరిచి ఆ లైసెన్సు సంఖ్య కొడితే, తయారీదారు ఎవరు, లైసెన్సు ఏ వస్తువుకు ఇచ్చారు, అది ఇప్పటికీ అమలులో ఉందా అనే వివరాలు వస్తాయి. వాటిని డబ్బా మీది పేరుతో పోల్చుకోండి. పొంతన లేకపోతే అదే యాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు తీసుకోవడం మాత్రం మరవకండి. సరుకు వెనక్కి తీసుకోవడానికి దుకాణదారు నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

ఈ శ్రమ ఎందుకంటే, మంచి సాకెట్‌కూ నాసిరకానికీ తేడా అంతా పైకి కనిపించని లోపలి భాగంలోనే ఉంటుంది. ప్లగ్గు పిన్నును పట్టుకునే ఇత్తడి రేకులు పలచనివైతే కొన్నాళ్లకే పట్టు సడలుతుంది. పట్టు సడలిన చోట కరెంటు ప్రవాహానికి అడ్డు పెరిగి వేడి పుడుతుంది. ఆ వేడికి ప్లాస్టిక్ మెత్తబడి నల్లబారుతుంది. ఇంత జరుగుతున్నా తీగలో పారే కరెంటు పెరగదు కాబట్టి, కరెంటు మితిమీరితే సరఫరాను ఆపే మీట ఎం.సి.బి. పడిపోదు. అందుకే ధ్రువీకరణ ఇచ్చే ముందు ప్లగ్గును వేలసార్లు పెట్టి తీసి చూస్తారు, నిండు లోడు మీద ఎంత వేడెక్కుతుందో కొలుస్తారు, ఎర్రగా కాలిన తీగను ప్లాస్టిక్‌కు ఆనించి మంట అంటుకుని వ్యాపిస్తుందేమో పరీక్షిస్తారు. పసిపిల్లలున్న ఇంటికి ఇంకొకటి ముఖ్యం: ఫేజ్, న్యూట్రల్ రంధ్రాలను లోపలి నుంచి మూసి ఉంచే చిన్న పలకలు. ఇంకా వైర్లు కలపని సాకెట్‌లో ఆ రెండింటిలో ఒక్క రంధ్రంలో మాత్రమే అగ్గిపుల్ల పెట్టి నెట్టితే అది లోపలికి దిగకూడదు.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మా ఇంటి సాకెట్లు రోజుల తరబడి నీటిలో మునిగాయి. ఆరిన తరువాత వాటినే వాడుతున్నాం. అన్నీ ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నవే.
– ఒక పాఠకుడు, అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: ముద్ర చెప్పేది కర్మాగారం నుంచి బయటికి వచ్చిన వస్తువు గురించి, బురద నీటిలో నానిన వస్తువుకు అది వర్తించదు. మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్ చేత ఒక్క సాకెట్ విప్పించి చూడండి. రేకుల మీద ఆకుపచ్చని చిలుము, మూలల్లో ఎండిన ఒండ్రు కనిపించే అవకాశం ఎక్కువ. తుడిచి మళ్లీ బిగించడం సరికాదు. మునిగిన ప్రతి సాకెట్‌నూ మార్చవలసిందే. గొట్టాల్లోని వైర్ల ఇన్సులేషన్‌ను మెగ్గర్ అనే కొలత పరికరంతో పరీక్షింపజేయండి, ఎర్తింగ్‌ను కూడా కొలిపించండి. ఇప్పటికే లేకపోతే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. మనిషి ఒంటి గుండా కరెంటు నేలకు పారినప్పుడు సరఫరాను వెంటనే తెంచేది అదే, ఎం.సి.బి. ఆ పని చేయలేదు. ఖర్చు భారమైతే వంటగది, స్నానాలగది వైపు నుంచి మొదలుపెట్టండి, కానీ మిగతావి మార్చేదాకా వాటిలో ప్లగ్గు పెట్టవద్దు.

ప్రశ్న: గీజర్ లావు పిన్నుల ప్లగ్గును చిన్న సాకెట్‌లో పట్టించే కన్వర్టర్ వాడవచ్చా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: వాడకూడదు. 2,000 వాట్ల గీజర్ 230 వోల్టుల వద్ద సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. చిన్న సాకెట్ తట్టుకోగలిగేది 6 ఆంపియర్లే. పిన్ను పట్టినంత మాత్రాన సాకెట్ సామర్థ్యం గానీ, దాని వెనుక ఉన్న సన్న వైరు సామర్థ్యం గానీ పెరగదు. మెయిన్ బోర్డు నుంచి విడిగా లావు వైరు లాగించి, దానికి వేరే ఎం.సి.బి., 16 ఆంపియర్ల సాకెట్ పెట్టించండి. ఆ పని పూర్తయ్యే వరకు గీజర్ వాడకం ఆపండి.