వంశంలో లేదు, మేనమామకు ఉంది

సందేహం: ఆల్‌పోర్ట్ సిండ్రోమ్ అనే అరుదైన కిడ్నీ వ్యాధి గురించి మామూలు పాఠకుల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. మొదటి పేరా ఇది: "ఇది వంశపారంపర్యంగా, పుట్టుకతో వచ్చే మూత్రపిండాల వ్యాధి. హెమటూరియా, చెవుడు, దృష్టి దోషాలు దీని రోగలక్షణాలు. స్త్రీలు కేవలం వాహకులు." చూసిన డాక్టర్ గారు "ఇలా రాస్తే రోగుల ఇళ్లలో తప్పుగా అర్థం చేసుకుంటారు" అన్నారు. ఎక్కడ సవరించాలి? కిడ్నీ అనాలా, మూత్రపిండం అనాలా?

సమాధానం: మీ పేరాలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. డాక్టర్ గారు చెప్పింది మాత్రం నిజం.

కిడ్నీయా, మూత్రపిండమా అన్నది ముందు తేల్చేద్దాం. దాని మీద పోట్లాడాల్సిందేమీ లేదు, రెండూ మన నోళ్లలో నలిగిన మాటలే. వృక్కం అన్న సంస్కృత పదం పాఠ్యపుస్తకాల్లో ఉంది గానీ పరీక్ష రాశాక ఎవరికీ గుర్తుండదు. మీ ఇష్టం వచ్చింది రాయండి. "కిడ్నీలు పాడయ్యాయి" అంటే సరిపోయే చోట "మూత్రపిండ వైఫల్యం సంభవించింది" అని మాత్రం రాయకండి.

అసలు చిక్కు వంశపారంపర్యం దగ్గర ఉంది. నిఘంటువు ప్రకారం తరతరాలుగా వచ్చేదని అర్థం కాబట్టి తప్పు మాటేమీ కాదు. కానీ తెలుగులో వంశం అనగానే ఆలోచన తండ్రి వైపుకే పోతుంది. వంశాంకురం, వంశోద్ధారకుడు, వంశం నిలబెట్టేవాడు, ఇవన్నీ కొడుకు చుట్టూ తిరిగే మాటలు. ఈ వ్యాధిలో ఎక్కువగా గుర్తించే రకం సరిగ్గా దీనికి ఎదురు నడుస్తుంది. అందులో లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉన్న ఒక జన్యువులో ఉంటుంది. తండ్రి కొడుక్కి ఇచ్చేది వై క్రోమోజోమ్ కాబట్టి, జబ్బున్న తండ్రి నుంచి కొడుక్కి అది రాదు. కూతుళ్లందరికీ మాత్రం ఆ జన్యువు అందుతుంది. అదే తల్లికి ఉంటే, కొడుకైనా కూతురైనా ఒక్కొక్కరికి వచ్చే అవకాశం సగం.

ఇప్పుడు మూత్రంలో రక్తకణాలు కనిపించిన ఓ పిల్లవాడి తల్లిదండ్రులను "మీ వంశంలో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉందా?" అని అడిగారనుకోండి. తాతయ్యను, పెదనాన్నను, బాబాయిని తలచుకుని "లేదండీ" అనేస్తారు. పాతికేళ్లకే డయాలసిస్‌కు వెళ్లిన మేనమామ ఆ లెక్కలోకే రాడు. నిజానికి ముందు అడగాల్సింది ఆయన గురించే. మేనమామ పోలిక అన్న మాట మనకు ఉండనే ఉంది. దాన్ని ముక్కుకీ కళ్లకీ వాడుకుంటాం గానీ జబ్బుకి వాడం.

ఆనువంశికం అని మార్చినా లోపల ఉన్నది ఆ వంశమే. సంక్రమించే వ్యాధి అన్నారా, ఇంకా ప్రమాదం. తెలుగులో ఆస్తీ సంక్రమిస్తుంది, అంటువ్యాధీ సంక్రమిస్తుంది. పక్క మంచం మీద పడుకోవచ్చా అని అడిగేవాళ్లు బయల్దేరతారు. "జన్యువుల ద్వారా తల్లి వైపు నుంచి గానీ, తండ్రి వైపు నుంచి గానీ వచ్చే వ్యాధి" అని పొడుగ్గానే రాయండి. తండ్రి వైపు అని కూడా ఎందుకంటే, ఎక్స్, వై కాకుండా 2వ నంబరు క్రోమోజోమ్ మీది జన్యువుల వల్ల వచ్చే రకాలూ ఉన్నాయి. వాటిలో ఒకదానికి ఇద్దరి నుంచీ లోపం అందాలి. దంపతులు దగ్గరి రక్తసంబంధీకులైతే ఆ అవకాశం పెరుగుతుంది. కుటుంబంలో ఎవరికీ లేకుండా కొత్తగా ఒకరిలో మొదలవడమూ ఉంది.

పుట్టుకతో అన్న మాట మీరు కల్పించింది కాదు. దక్షిణాఫ్రికాలో పుట్టిన సెసిల్ ఆల్‌పోర్ట్ అనే డాక్టర్ 1927లో ఒక బ్రిటిష్ కుటుంబంలోని మూడు తరాల మీద వ్యాసం రాస్తూ, తరాలుగా వచ్చేది, కుటుంబంలో ఉండేది, పుట్టుకతో వచ్చేది అని మూడు విశేషణాలనూ శీర్షికలోనే పేర్చాడు. మగవాళ్లలో ఇది ముదురుతుందనీ, కిడ్నీతోపాటు వినికిడి కూడా దెబ్బతింటుందనీ గమనించింది ఆయనే. 1961 నుంచి ఈ వ్యాధిని ఆయన పేరుతో పిలుస్తున్నారు. అయితే తెలుగులో పుట్టుకతో వచ్చింది అంటే పురిట్లోనే కనిపించేదని అర్థం. ఇక్కడ పుట్టుకతో ఉండేది జన్యులోపం. జబ్బు ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది.

చెవుడు దగ్గర ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పుట్టుకతో అన్న మాట పక్కన చెవుడు రాస్తే పాఠకుడు రెండిటినీ కలిపి పుట్టుచెవుడు అని చదువుకుంటాడు. ఈ పిల్లలు పుట్టినప్పుడు బాగానే వింటారు. బడికి వెళ్లే వయసులోనో ఆ తర్వాతో, రెండు చెవుల్లోనూ, ముందుగా కీచుగా ఉండే హెచ్చు స్థాయి ధ్వనులు వినిపించడం తగ్గుతుంది. పరీక్ష చేస్తే తప్ప మొదట్లో ఇంట్లోవాళ్లకు కూడా తెలియకపోవచ్చు. ఇది బ్రహ్మచెవుడు దాకా వెళ్లడం అరుదు, చాలామందికి వినికిడి యంత్రం పనిచేస్తుంది. కాబట్టి "క్రమంగా వినికిడి తగ్గడం" అనండి.

కిడ్నీ జబ్బులో చెవికీ కంటికీ పనేమిటని పాఠకుడికి అనుమానం వస్తుంది, అదీ చెప్పండి. కిడ్నీలో రక్తాన్ని వడగట్టే పల్చని పొర నాలుగో రకం కొల్లాజెన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. అది మూడు గొలుసులు పెనవేసుకున్న ముప్పేట తాడు లాంటిది. ఒక పేట సరిగా లేకపోతే తాడే పడదు. లోపలి చెవిలోనూ, కంటి కటకాన్ని కప్పే పొరలోనూ ఉండేది ఇదే రకం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే కిడ్నీ పొర ఒకచోట పల్చబడి, ఒకచోట మందమై, పొరలు పొరలుగా చీలి కనిపిస్తుంది.

ఇక లక్షణాలు. మీరు రోగలక్షణాలు అన్నది క్లినికల్ ఫీచర్స్ కోసమని అర్థమైంది. ఆయుర్వేదంలో దీనికి రూపం అనీ, జబ్బు బయటపడే ముందు వచ్చే సూచనలకు పూర్వరూపం అనీ చక్కటి మాటలున్నాయి. ఇప్పుడు వాడితే ఎవరికీ అందవు. నిదానం సంగతి చూడండి, ఆ శాస్త్రంలో అది రోగకారణం, మన వాడుకలో తొందరపడకపోవడం! రోగికి తెలిసేదాన్నీ, పరీక్షలో బయటపడేదాన్నీ తెలుగు లక్షణం అన్న ఒక్క మాటతోనే చెబుతుంది. మామూలుగా దానివల్ల నష్టం లేదు గానీ ఈ వ్యాధిలో ఉంది. మూత్రంలో రక్తం చిన్నతనం నుంచే పోతున్నా, చాలా సార్లు అది మైక్రోస్కోప్‌కే కనిపిస్తుంది. గొంతు నొప్పో జలుబో చేసినప్పుడు మాత్రం కొందరు పిల్లలకు మూత్రం ఎర్రగానో ముదురు గోధుమరంగులోనో వస్తుంది. తర్వాతి ఏళ్లలో ప్రోటీన్ పోవడం, బీపీ పెరగడం మొదలవుతాయి. "మూత్రంలో రక్తం పడుతుంది" అని రాస్తే ఎరుపు కనపడని తల్లి "మావాడికి లక్షణాలేం లేవు" అనుకుని ధీమాగా ఉంటుంది. "కంటికి కనిపించకపోయినా పరీక్షలో తేలే రక్తకణాలు" అని విడమరిచి రాయండి, హెమటూరియా అన్న ఇంగ్లీషు మాటతో పని లేదు. రోగికి తెలిసేవాటిని లక్షణాలనీ, పరీక్షలో దొరికేవాటిని ఆనవాళ్లనీ రెండుగా విడదీస్తే ఇంకా మంచిది. ముందే కనిపెడితే రామిప్రిల్ వంటి బీపీ మందులతో కిడ్నీలు చెడే గడువును వెనక్కి జరపవచ్చు కాబట్టి ఈ తేడా పట్టించుకోవాల్సిందే.

మీ పేరాలో నేను నిర్మొహమాటంగా కొట్టేసేది "స్త్రీలు కేవలం వాహకులు" అన్న వాక్యాన్ని. వాహకం అంటే మనకు కరెంటు తీగ, లేకపోతే దోమ. మోసుకెళ్లేదే తప్ప దానికేమీ కాదని అందులో ధ్వని. ఎక్స్ క్రోమోజోమ్ రకంలో ఆ జన్యులోపం ఉన్న స్త్రీలలో దాదాపు 95 శాతం మందికి మూత్రంలో రక్తకణాలు పోతాయి. 40 ఏళ్లలోపు డయాలసిస్ గానీ కిడ్నీ మార్పిడి గానీ అవసరమయ్యేది మగవాళ్లలో సుమారు 90 శాతం మందికి, స్త్రీలలో 12 శాతం మందికి. వయసు పైబడేకొద్దీ స్త్రీలలో ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. ఈ వ్యాధిని చూసే నిపుణులే క్యారియర్ అనొద్దని చెబుతున్నప్పుడు దాన్ని తెలుగులోకి తెచ్చుకోవడం ఎందుకు? "వ్యాధి ఉన్న స్త్రీలు" అనండి. "స్త్రీలలో సాధారణంగా తీవ్రత తక్కువ" అని పక్కన రాయండి. వాహకురాలు అనిపించుకున్నావిడ చెకప్‌కు వెళ్లదు. కొడుక్కి కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చేదీ ఆవిడే, అప్పుడు ఆ మాట ఇద్దరినీ ప్రమాదంలో పడేస్తుంది.

చిన్నవి రెండు మిగిలాయి. దృష్టి దోషాలు అన్నది మరీ విశాలం, కళ్లజోడు పెట్టుకున్న ప్రతివాళ్లూ ఉలిక్కిపడతారు. ఈ వ్యాధిలో కటకం ముందు భాగం శంక్వాకారంలో ఉబ్బుతుంది, రెటీనా మీద చుక్కలు పడతాయి. చుక్కల వల్ల సాధారణంగా చూపు తగ్గదు. శంఖాకారం అని రాసేరు సుమా! శంకువు వేరు, శంఖం వేరు. ఇక పేరు: అల్పోర్ట్ అని హ్రస్వంతో రాస్తే అల్పమేదో అనిపిస్తుంది, ఆల్‌పోర్ట్ అని దీర్ఘంతోనే ఉంచండి.