గజ్జల్లో హెర్నియాకి ఓపెన్ ఆపరేషన్ మేలా, లాప్రోస్కోపీ మేలా?

పేగు జారి ఉబ్బే హెర్నియాకి, లాప్రోస్కోపీలో చిన్న కన్నాలతో అయిపోయే పనికి ఇంకా కోత ఎందుకని అడిగారు. మా నాన్నకి రెండూ అయ్యాయి, అదీ ఒకే గజ్జలో. మొదటిసారి ఏదైనా ఒకటే, చేసే చెయ్యి మంచిదైతే చాలు. తిరగబెడితే మాత్రం దారి మార్చాలి.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. నాన్నకి మొదట వెన్నులో మత్తు సూది ఇచ్చి, గజ్జ దగ్గర కోసి మెష్ (వల లాంటి అతుకు) వేశారు. కొన్నేళ్లు బాగానే ఉంది. బస్తాలు ఎత్తొద్దంటే వినే మనిషా? ఒక కోతల కాలంలో అదే చోట మళ్లీ ఉబ్బింది. పడుకుంటే లోపలికి పోయేది, దగ్గితే బయటికొచ్చేది. మా వైపు బోదకాలు ఎక్కువ కదా, గజ్జ కింద ఏ వాపొచ్చినా దానివల్ల వృషణం చుట్టూ నీరు చేరే బుడ్డే అంటారు. "దీనికి మళ్లీ కోతేటి బాబూ, ఆకు కట్టు కట్టేత్తే సరిపోద్ది" అన్నాడు పక్కింటి తాత. జారిన పేగు ఆకుకి భయపడి వెనక్కి పోతుందా! అది లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పీ వాంతులూ మొదలైతే తెల్లారేదాకా కూడా ఆగకూడదు.

ఒక డాక్టరు పాత మచ్చ మీదే కోస్తానన్నారు. మాకు ధైర్యం చాలక విశాఖ వెళ్లాం. అక్కడి సర్జన్ గారు మందుల చీటీ వెనక బొమ్మ గీసి చూపించారు. పాత దారంతా అతుక్కుపోయి ఉంటుంది, నరాలు, వృషణానికి వెళ్లే రక్తనాళాలు అందులోనే చిక్కుకుని ఉంటాయి, మళ్లీ అటే వెళితే వాటికి దెబ్బ తగలొచ్చు. లోపలి వైపు ఎవరూ ముట్టలేదు. అందుకని లాప్రోస్కోపీతో వెళ్లి కండ వెనక మెష్ పరుస్తానన్నారు. ప్యాంటుకి పైమాసిక నిలవకపోతే లోపల్నుంచి వేసినట్టన్నమాట. "మొదట లాప్రోస్కోపీ అయ్యుంటే ఇప్పుడు ఓపెన్ చేసేవాణ్ణి" అన్నారు. నాకు ఆయన మీద గురి కుదిరింది ఆ మాటతోనే.

కన్నాల ఆపరేషన్‌కి సాధారణంగా పూర్తి మత్తు కావాలి. నాన్న చుట్ట దగ్గు విని మత్తు డాక్టరు ముందు చుట్ట మాన్పించారు. దగ్గే హెర్నియాని తోస్తుందని ఊళ్లో ఒక్కరైనా చెప్పారా? ఆకుల సలహాలకి మాత్రం లోటు లేదు. గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవాళ్లకి ఓపెనే నయం, ఆ చోటు వరకే మత్తిచ్చి కూడా చేసేయొచ్చు.

ఏది చేయించుకున్నా మెష్ వేశారా, కండకి ముందా వెనకా అన్నది డిశ్చార్జి కాగితంలో విడిగా రాయించుకోండి. నాన్న పాత కాగితంలో ఉన్నది ఒక్క ముక్క, అదీ గొలుసుకట్టు రాత. మందుల షాపతను కూడా చదవలేకపోయాడు.