కాకినాడ హాస్టలుకు వెళ్తున్న మేనకోడలికి, రీచార్జ్ గురించి

కోడలు పిల్లకు,

అత్త ఆశీస్సులు. కాకినాడలో ఇంజనీరింగ్ సీటు వచ్చిందని మీ నాన్న చెప్పాడు, సంతోషం. చవకైన రీచార్జ్ ఏదో చెప్పమన్నావు. ఫోనులో ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. రాజోలు సెంటర్లో సెల్ రీచార్జ్ కొట్టు పెట్టుకుని కూర్చున్నదాన్ని, ఈ విషయంలో నా మాట కాస్త పొడుగ్గానే ఉంటుంది. ఓపికగా చదువు.

ధర సంగతి కాసేపు పక్కన పెట్టు. హాస్టల్లో నీ మంచం దగ్గర ఎవరి సిగ్నల్ అందుతుందన్నది మొదట తేలాలి. "కాకినాడలో ఫలానాది బాగుంటుంది" అని చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఊరంతటికీ కలిపి చెప్పే ఆ మాట నీ గదికి వర్తించదు. తక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్ దూరం వెళ్తుంది, గోడలు దాటి లోపలికి వస్తుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీది వేగం ఇస్తుంది కానీ శ్లాబు, గోడలు అడ్డొస్తే నీరసపడిపోతుంది. అందుకే డాబా మీద ఎగిరిపడే 5జీ, కింది అంతస్తు మూలగదిలో కనిపించకుండా పోతుంది. మన కొబ్బరితోటల మధ్య ఇళ్లల్లోనూ ఇదే తంతు. చెట్ల గుబురు కూడా సిగ్నల్‌ను మింగుతుంది.

కాబట్టి చేరిన కొత్తలో పెద్ద రీచార్జ్ జోలికి వెళ్లకు. ఉన్న సిమ్‌కు చిన్నది వేయించుకుని నడుపు. జియో, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్‌ఎన్‌ఎల్, ఉన్నవి ఈ నాలుగే. నీ అంతస్తులోనే ఉండే సీనియర్లలో తలొకరి దగ్గర తలొక సిమ్ ఉంటుంది. రాత్రి తొమ్మిది, పది మధ్య, అందరూ ఫోన్లు పట్టుకుని ఉండే వేళ, వాళ్ల ఫోను నీ గదిలోకి తెప్పించుకుని ఒక వీడియో పెట్టి చూడు. ఫోను కంపెనీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ పేరు ట్రాయ్, వేగం కొలవడానికి వాళ్ల మైస్పీడ్ యాప్ ఉంది. పగలు పదకొండింటికి కొలిచిన వేగాన్ని మాత్రం నమ్మకు, ఆ సమయంలో హాస్టల్ ఖాళీగా ఉంటుంది.

నెట్‌వర్క్ తేలాక డబ్బు లెక్క. గోడ మీద అంటించిన ధర చూడకు, దాన్ని రోజులతో భాగించు. 28 రోజుల ప్లాన్‌ను అందరూ నెల ప్లాన్ అంటారు. ఏడాదికి నెలలు 12, ఆ రీచార్జ్‌లు మాత్రం 13. ఇంట్లో నెలకింత అని పంపే డబ్బులో ఆ పదమూడోది ఎవరి లెక్కలోకీ రాదు, అప్పుడు నా కొట్టు ముందు నిలబడి ముఖం చిన్నబుచ్చుకుంటారు. 2022లో ట్రాయ్ ఆదేశించాక, ప్రతి కంపెనీ 30 రోజులది ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి వేయించుకునేది ఒకటి తప్పనిసరిగా పెట్టాలి. అవి ముందు వరసలో కనిపించవు, అడగాలి. ఉదాహరణకు 28 రోజులది 299 రూపాయలు అనుకో, రోజుకు పది రూపాయల 68 పైసలు. 84 రోజులది 859 అనుకో, రోజుకు పది రూపాయల 23 పైసలు. తేడా పైసల్లోనే కదా అనకు, ఏడాదికి 160 రూపాయల పైమాటే. ఇవి లెక్క నేర్పడానికి చెప్పిన అంకెలు. ధరలు మారుతుంటాయి, నువ్వు వేయించుకునే రోజున ఉన్న ధరతో ఇదే భాగహారం చేసుకో.

మరి ఏడాది ప్లాన్ ఇంకా చవక కదా అంటావు. మొదటి సంవత్సరం వద్దు. మధ్యలో నెట్‌వర్క్ మారితే మిగిలిన రోజులు నీతో రావు, అక్కడే పోతాయి. గది మారవచ్చు, హాస్టలే మారవచ్చు. సెలవుల్లో ఇంటికొచ్చి మీ నాన్న పెట్టించిన కేబుల్ నెట్ వాడుకుంటూ, ఫోనులో రోజూ డేటా మురగబెట్టడం మరో నష్టం. సెమిస్టర్ మొదట్లో ఒక 84 రోజులది వేయించుకుంటే చాలావరకు గడుస్తుంది, మిగిలిన రోజులకు చిన్నది. పెద్ద ప్లాన్‌కు ఒక మేలు ఉందని మాత్రం ఒప్పుకుంటాను. 2024 జూలైలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఒకేసారి రేట్లు పెంచినప్పుడు, ముందే పెద్ద రీచార్జ్ వేయించుకున్నవాళ్లు పాత ధరకే నడిపారు. రెండో ఏడాదికి నీ అలవాట్లు నీకు తెలుస్తాయి, అప్పుడు ఆలోచించు.

డేటా ఎంత కావాలో ఎవరినీ అడగవద్దు. ఫోను సెట్టింగుల్లో గత నెల ఏ యాప్ ఎంత తిన్నదో ఉంటుంది, చూడు. పాఠం వీడియో స్పష్టత తగ్గించి 480పీలో పెడితే గంటకు సుమారు అర జీబీ. అదే 1080పీలో పెడితే జీబీన్నర దాకా పోతుంది, బోర్డు మీద అక్షరాలు మాత్రం రెండింటిలోనూ చదవవచ్చు. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతట అవే దిగకుండా ఆపేయి. మన బంధువుల గ్రూపులో వచ్చే శుభోదయాలకే రోజు కోటా సగం అయిపోతుంది. హాస్టల్లో వైఫై సవ్యంగా ఉంటే రోజుకు 1.5 జీబీ ఎక్కువే. కోటా అయ్యాక వేగం సాధారణంగా 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది, దాంతో వాట్సాప్ మెసేజ్ కూడా నెమ్మదిగానే వెళ్తుంది. అపరిమిత 5జీ అని బోర్డు పెడతారు కానీ, చాలావరకు అది రోజుకు 2 జీబీ, అంతకు పైబడిన ప్లాన్లతోనే వస్తుంది. నీ ఫోనులో 5జీ ఉండి, గదిలోకి 5జీ సిగ్నల్ వస్తేనే ఆ పై డబ్బు పెట్టు. సినిమాల యాప్ కలిపిన ప్లాన్ల గురించి నేను చెప్పేదేమీ లేదు. చదువుకోవడానికి వెళ్తున్నావు.

నెట్‌వర్క్ మారడం పెద్ద పని కాదు. ఇంగ్లిషులో PORT అని రాసి నీ నంబరు జోడించి 1900కు మెసేజ్ పంపితే కోడ్ వస్తుంది, కొత్త కంపెనీకి ఇవ్వాల్సింది అదే, అది నాలుగు రోజులు చెల్లుతుంది. ఉన్న కంపెనీలో కనీసం 90 రోజులు నిండి ఉండాలి. ఒకే సర్కిల్ లోపలైతే, అంటే ఫోను సేవలకు గీసిన ఒకే ప్రాంతం లోపలైతే, మూడు పనిదినాల్లో మారిపోతుంది. ఆంధ్ర, తెలంగాణ రెండూ ఒకే సర్కిల్. ఫీజు కట్టే వారంలో, పరీక్షల వారంలో మాత్రం మారకు. సిమ్ మారే రాత్రి కొన్ని గంటలు ఫోను మూగబోతుంది.

నీ ఉపకారవేతనం పడే బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు ఇచ్చిన నంబరు ఏదో ఒకసారి చూసుకో. చవకగా వచ్చిందని కొత్త సిమ్ తీసుకుని పాతదాన్ని గాలికొదిలేసిన పిల్లలు నా దగ్గరకే వస్తారు. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే కంపెనీ నంబరును తీసేయవచ్చు. కొన్నాళ్లకు అది ఇంకొకరి చేతికి వెళ్తుంది, నీ ఓటీపీలు వాళ్లకు వెళ్తాయి. పాతదే ఉంచుకుని కంపెనీ మార్చుకోవడం మేలు.

ఇంకొకటి, ఇది నా వ్యాపారానికి చేటు అయినా చెబుతాను. కొత్త ఊళ్లో తెలియని కొట్టు ముందు నిలబడి నీ నంబరు గట్టిగా చదవకు. పక్కన నిలబడినవాడు విని రాసుకుంటాడు, రాత్రికి మెసేజ్‌లు మొదలవుతాయి. కంపెనీ సొంత యాప్‌లోంచి నువ్వే వేసుకో. వేరే యాప్‌లు కొన్ని రీచార్జ్ మీద రూపాయో రెండో అదనంగా లాగుతాయి, చివరి పేజీలో మొత్తం చూసి నొక్కు. విద్యార్థులకు ఉచిత రీచార్జ్ అని లింకు వస్తే తెరవకుండా తీసేయి. ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, నీ నంబరు ఆపేస్తాం అని ఎవడైనా అంటే ఫోను పెట్టేయి. ట్రాయ్ ఎవరికీ అలా ఫోను చేయదు.

మీ ఇంటి మొత్తం ఖర్చులోంచి నీ రీచార్జ్ సంపాదించే దారి కూడా ఒకటి ఉంది. నాన్నమ్మ బటన్ ఫోనుకు మీ నాన్న ఇన్నాళ్లూ డేటా ప్లాన్ వేయిస్తున్నాడు. ఆవిడ నెట్ ఎప్పుడు చూసింది? 2024 డిసెంబరులో ట్రాయ్ చెప్పాక కంపెనీలన్నీ మాటలకు, మెసేజ్‌లకు మాత్రమే పనికొచ్చే ప్లాన్లు పెట్టాయి, 84 రోజులవి, ఏడాదివి కూడా ఉన్నాయి. ఈసారి గడువు అయ్యాక దాన్ని మార్చేస్తాను. మిగిలిన డబ్బు నీ ఖాతాలో వేయమని మీ నాన్నతో నేనే మాట్లాడతాను.

నీ సిమ్ మీ నాన్న పేరున ఉంది కదా, ఫోను పోతే కొత్త సిమ్‌కు ఆయనే రావాలి. పద్దెనిమిది నిండనివాళ్లకు సిమ్ ఇవ్వరు కాబట్టి ఇప్పుడేమీ చేయలేం. నిండాక మొదటి సెలవులకు ఆధార్ తీసుకుని నాన్నతో కలిసి కొట్టుకు రా, నీ పేరుకు మార్పించే ఏర్పాటు చూద్దాం.

అత్త