2020 ఫార్ములా 3లో రెండే రేసులు గెలిచిన పియాస్ట్రీ ఛాంపియన్ ఎలా అయ్యాడు?

మెరుపుల వల్ల కాదు, నిలకడ వల్ల. ఫార్ములా 1కి కింది స్థాయి కార్ల పోటీ ఇది. ఆ సీజన్‌లో 9 రౌండ్లు, రౌండ్‌కి రెండేసి చొప్పున మొత్తం 18 రేసులు. ఆస్కార్ పియాస్ట్రీ ఒక్కసారి కూడా పోల్ పొజిషన్ (అందరికంటే ముందు నుంచి బయల్దేరే చోటు) కొట్టలేదు. కానీ వెనక నుంచి మొదలుపెట్టినా ఎన్నో కొన్ని పాయింట్లు సంపాదించుకుని బయటపడేవాడు.

అసలు మజా అంతా ఇటలీలోని ముజెల్లో ట్రాక్‌లో జరిగిన ఆఖరి రేసులో ఉంది. అప్పటికి పియాస్ట్రీ, ప్రేమా అనే జట్టులో అతని సహచరుడు లోగన్ సార్జెంట్ ఇద్దరూ సరిగ్గా 160 పాయింట్లతో సమానం. ముందు రోజు రేసులో 11వ స్థానంలో రావడంతో పియాస్ట్రీ ఇక్కడా 11 నుంచే బయల్దేరాలి. అప్పట్లో రెండో రేసుకి, మొదటి రేసులో మొదటి పది స్థానాల్లో వచ్చినవాళ్ల వరసనే తిరగేసేవారు మరి, పదకొండో వాడికి ఆ అదృష్టం లేదు! మొదటి ల్యాప్‌లోనే వేరే కారు తగిలి సార్జెంట్ పని అయిపోయింది. పియాస్ట్రీ ఏడో స్థానంలో వచ్చి 4 పాయింట్లు తెచ్చుకున్నాడు. మరో డ్రైవర్, 17 ఏళ్ల తియో పూర్షేర్ మూడో స్థానంలో ముగించి గుండెలదరగొట్టాడు. చివరి లెక్క: పియాస్ట్రీ 164, పూర్షేర్ 161, సార్జెంట్ 160.

ప్రమాదం పియాస్ట్రీకి కలిసొచ్చిన మాట నిజమే. కానీ పదకొండు నుంచి ఏడుకి ఎక్కకపోతే టైటిల్ పూర్షేర్‌దే.